అవునన్నవా రెవరు?

మా గోపాలపట్నములో ఎన్నికలనాడు వరుసలో నిలిచి, వేలికి సిరా పూయించుకొని వచ్చునపుడు మాకొక గర్వము కలుగును. మా వోటు రహస్యము. అది మా రక్షణకొరకు. మేము పంపిన ప్రతినిధి సభలో నిచ్చిన వోటు మాకేల రహస్యము కావలయును?

ఆయుధములమాటయే చూడుడు. 1878 నాటి ఆయుధచట్టము భారతీయులను లైసెన్సునకై నిలువబెట్టి, ఐరోపీయులను విడిచిపెట్టెను. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు దళమునకు తుపాకులు చింతపల్లి ఠాణాలోనే దొరకవలసివచ్చెను. 1931లో కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి, ఆయుధధారణము పౌరహక్కని తీర్మానించెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభయందు కామత్ గారు దానిని ప్రాథమికహక్కులలో చేర్పుమని సవరణ తెచ్చిరి. దొంగలును దోపిడికాండ్రును ఆ హక్కునే కోరుదురని అంబేద్కరు గారు కాదనిరి. సవరణ వీగిపోయెను. ఆ నిర్ణయము మాకు సమ్మతమే. కాని అవునన్నవా రెవరో, కాదన్నవా రెవరో పేరుపేరున కార్యక్రమగ్రంథమున కానరాదు.

నేటికిని పెక్కు బిల్లులు కంఠధ్వనితోనే తేలుచున్నవి. సభ్యులు విభజన కోరిననే పేర్లు నమోదగును. 1985 తరువాత పక్షాజ్ఞ మీరి వోటిచ్చినవాడు సభ్యత్వమునే కోల్పోవచ్చును. ఇక వాని మనస్సాక్షి మాకెట్లు తెలియును?

తుపాకి పట్టువాడు పేరు, చిరునామా వ్రాసియిచ్చి లైసెన్సు పొందవలెను. 1959 చట్టమును అదియే విధించినది. శాసనము చేయు చేతికిమాత్రము పేరు వలదా? ప్రతి బిల్లునకును వోట్లు పేర్లతో నమోదు కావలెను. అయినను తప్పంతయు సభదే యనము. మా వీధికి వచ్చిన ప్రతినిధిని రోడ్డు అడిగితిమి, కొళాయి అడిగితిమి, “అయ్యా, తమరు సభలో ఏమనిరి?” అని మేమును ఒక్కనాడైన అడిగినవారము కాము.