పీపాలో నీళ్లు, ఉజనిలో నీళ్లు

నేను నాలుగో తరగతి దాకా తెలుగు బడిలో చదివినవాణ్ణి. పద్దెనిమిదో ఏట గిర్నిలో బదిలీ పనికి చేరినాను. గిర్ని మూతపడ్డాక టవేళ్లు, చద్దర్ల కార్ఖానాలలో సాంచాలు నడిపినాను. ఇప్పుడు ఇంటి దగ్గరనే ఉంటున్నాను. మా ఇంటామె మాత్రం ఇంకా బీడీలు చుడుతూనే ఉన్నది. "కత్తెర ఆడినన్ని దినాలు నాకు రిటైర్ లేదు" అంటది.

ఎండాకాలం మొదట్లో అందరికీ ఓపిక ఉంటది. చివర్లనే కష్టం. రోహిణి కార్తెలో మన సోలాపూర్ ఎండ 44 డిగ్రీలకు పోతది. రేకుల ఇల్లు పెనం లెక్క కాలుతది. నల్లా నాలుగైదు రోజులకు ఒకసారి వస్తది, అదీ ఏ అర్ధరాత్రికో. వయసులో ఉన్నప్పుడు గిర్ని భోంగా మోగితే లేచేవాళ్లం. ఇప్పుడు నల్లా చప్పుడుకు లేస్తున్నాము.

నేను చెప్పేది 2023 సంగతి. ఆ యేడు వానలు ఆలస్యం. జూన్ వచ్చినా మబ్బు లేదు. ఒక రాత్రి రెండు గంటలకు నల్లా వచ్చింది. ఇద్దరం లేచి బిందెలు, బకెట్లు, పెద్ద పీపా అన్నీ నింపి పడుకున్నాము. తెల్లవారేసరికి పీపా అడుగు పగిలి ఉన్నది. నీళ్లు గడప దాటి గల్లీలోకి పోయినాయి. పోతూ పోతూ గోడ పక్కన చాటలో కట్టలు కట్టి పెట్టిన బీడీలను కూడా తడిపినాయి. ఆమెకు రెండు దినాల పని అది. తడిసిన బీడీ కార్ఖానాలో ఎవరు తీసుకుంటరు? ఆమె ఏడ్వలేదు, నన్ను తిట్టలేదు. చాట ఎత్తి పక్కకు పెట్టి, పీపాను చూస్తూ కూర్చున్నది.

రెండు రోజుల తరువాత ఇంకో ఆగం. ఉక్కకు లోపల పడుకోలేక గల్లీలో మంచం వేసుకున్నాము. నడిరాత్రి గాలిదుమారం లేచింది. రేకుల మీద రాళ్లు దొర్లినట్టు చప్పుడు. దండెం మీద ఆరేసిన చద్దరు, అదీ నేను నా చేతులతో నేసిన చద్దరు, ఎగిరిపోయి వేపచెట్టు ఎక్కింది. గల్లీ పిల్లలు పొద్దున ఎక్కి తీసి ఇచ్చినారు. చినుకు మాత్రం ఒక్కటి పడలేదు. "మిరుగం ముందటి గాలికి వావి వరుస ఉండదు" అన్నది మా ఇంటామె. ఆ మాట నాకు తరువాత గుర్తుకు వచ్చింది, ఎక్కడో చెప్తాను.

ఆ దినమే అడిగింది. "ఏమయ్యా, ఈ నల్లా నీళ్లు ఎక్కడినుంచి వస్తయి?"

"టాకళి నుంచి కొన్ని, హిప్పర్గా చెరువు నుంచి కొన్ని, ఉజని ధరణం నుంచి కొన్ని."

"పెండ్లయి ముప్పై తొమ్మిదేండ్లు. బిందెకు బిందె లెక్కపెట్టి బతికిన. ఒక్కసారి ఆ నీళ్లను కండ్లనిండ చూడాలె."

మా ఇద్దరికీ షిఫ్టులు, బీడీలు, పిల్లలు, నల్లా, వీటితోనే దినాలు గడిచినాయి. పండరికి పోయినాము, మార్కండేయుడి రథం చూసినాము, అంతే. నీళ్లను చూడటానికి పోదామని ఎవరూ ఎన్నడూ అడగలేదు. సరే అన్నాను.

ఉజని అంటే భీమా నది మీద కట్టిన ధరణం. 1980లో పూర్తయింది. నిండితే 117 టీఎంసీల నీళ్లు. అందులో 63కు పైన అడుగు నిల్వనే. నీళ్లు ఆ గీత కిందికి దిగితే ఉజని మైనస్‌లోకి పోయింది అంటారు. మన భాషలో చెప్పాలంటే పగారం అయిపోయి ఉద్దెర మీద సంసారం నడిచినట్టు. అట్లా నీళ్లు తగ్గినప్పుడు ఇందాపూర్ తాలూకాలో పళస్‌దేవ్ అనే ఊరి దగ్గర, ధరణంలో మునిగిన పాత శివుడి గుడి బయటపడుతది. బీడీ కార్ఖానాలో ఎవరో ఆమెకు ఈ సంగతి చెప్పినారు. అక్కడికే పోదాం అన్నది.

పొద్దున్నే ఎస్టీ బస్సు ఎక్కినాము. ఆ యేడు మార్చి నుంచి ఆడవాళ్లకు సగం టికెట్. నాకు అరవై ఐదు నిండలేదు కాబట్టి పూరా టికెట్. "నీకంటే నేను అగ్గువ" అని టెంభూర్ణి దాకా నవ్వుతూనే ఉన్నది. టెంభూర్ణి దాటినంక బస్సు టైరు పోయింది. ఇంకో బస్సు వచ్చి మమ్ములను ఎక్కించుకునే వరకు రెండు గంటలు రోడ్డు పక్కన ఎండలో నిలబడ్డాము. పన్నెండుకు చేరవలసినవాళ్లం మూడింటికి ఒడ్డుకు చేరినాము.

చేపలు పట్టే పిల్లగాడు ఒకడు తన మోటారు పడవలో గుడి చూపిస్తున్నాడు. మేము ఇద్దరం, ఇంకో భార్యాభర్తలు, వాళ్ల ఇద్దరు పిల్లలు. ఎక్కకముందే మా ఇంటామె, "తేలే జాకెట్లు ఉన్నయా" అని అడిగింది. పలక కింద నుంచి నాలుగు తీసినాడు. పిల్లలకు రెండు, వాళ్ల తల్లికి ఒకటి కట్టించి, నాలుగోది నా మెడలో వేసింది.

"మరి నీకు?"

"నేను లావున్న. తేలుత." 

ఆ నీళ్లను ఎట్లా చెప్పాలె? మన కంబర్ తలావ్, సిద్ధేశ్వర్ తలావ్ చూసిన కండ్లకు అది సముద్రమే. తగ్గినాయి తగ్గినాయి అన్న నీళ్లకే అవతలి ఒడ్డు కనపడలేదు. నీళ్ల నడుమ నుంచి గుడి శిఖరం నిలబడి ఉన్నది, పాత ఇటుకలు, నాచు పట్టిన రాళ్లు. పిల్లగాడు మోటారు ఆపి, వేలు చూపించినాడు. "కాకా, మా తాత ఇల్లు అగో, ఆ పక్కకు. నీళ్ల కింద ఉన్నది. ధరణం కట్టినప్పుడు ఊరు లేపి రోడ్డు దగ్గర పెట్టినారు."

మా ఇంటామె చాలాసేపు మాట్లాడలేదు. వంగి దోసెడు నీళ్లు తీసి కండ్లకు అద్దుకున్నది. "మన పీపాల నీళ్లు ఈళ్ల వాకిట్ల నుంచి వస్తున్నయి" అన్నది. నాకు మా నాయన చెప్పిన మాటలు యాదికి వచ్చినాయి. మన పెద్దలు కూడా మగ్గం మీద పూట గడవక, తెలంగాణ పల్లెల్లో వాకిళ్లు వదిలి సోలాపూర్ వచ్చినవాళ్లే. మా నాయన మళ్లీ ఆ వాకిలి చూడలేదు. ఈ పిల్లగాడు తాత వాకిలి మీద పడవ నడుపుతున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పడమటి దిక్కు నల్లబడింది. ముందు దుమ్ము వాసన, వెనుక గాలి. చద్దరును వేపచెట్టు ఎక్కించిన గాలే అది. ఇంట్లో అయితే చద్దరు పోతది, అంతే. ఇక్కడ పడవ ఊగింది. అలలు పక్కకు కొట్టి నీళ్లు లోపలికి వచ్చినాయి. అదే సమయంలో మోటారు ఆగింది. నీళ్లలో తేలుతున్న తెగిన వల పంకాకు చుట్టుకున్నది.

పిల్లగాడు మోటారు పైకి లేపి వలను గుంజుతున్నాడు. గుంజేకొద్దీ బిగుస్తున్నది. సాంచా మీద పోగు రోలరుకు చుట్టుకుంటే కొత్తవాడు చేసే పని అదే. "గుంజకు బేటా, కొస దొరకాలె" అన్నాను. ముందు నా జాకెట్ విప్పి ఆమెకు కట్టినాను. ఈసారి ఆమె వద్దనలేదు. పిల్లగాడు నా నడుము పట్టుకున్నాడు. నేను వంగి వేళ్లతో వెదికినాను. నా కండ్లకు ఇప్పుడు దగ్గరి చూపు సరిగా లేదు, కానీ పోగు వెదకడానికి కండ్లు ఎందుకు? కొస దొరికింది. రెండు చుట్లు వచ్చినాయి, మూడోది ముడి. మా ఇంటామె సంచిలోంచి బీడీ కత్తెర తీసి నా చేతికి అందించింది. తరువాత టిఫిన్ డబ్బాతో పడవలో నీళ్లు ఎత్తి పోయడం మొదలుపెట్టింది. పిల్లల తల్లి ఏడుస్తున్నది. "ఏడ్వకు బిడ్డా, డబ్బా తీసుకొని నువ్వూ పోయ్" అన్నది తెలుగులోనే. ఆ తల్లికి అర్థమైంది. నాలుగు చోట్ల కోసినంక వల ఊడింది. మోటారు మూడోసారికి అందుకున్నది.

ఎక్కిన చోటికి కాక ఇంకెక్కడో బురద ఒడ్డుకు చేరినాము. ఆమె చెప్పు ఒకటి బురదలో పోయింది. ఒంటి చెప్పుతో రోడ్డు దాకా నడిచి, రెండోది కూడా అక్కడ విడిచిపెట్టింది. రాత్రి పదకొండింటికి దాజీ పేట్ చేరినాము.

ఇదంతా గల్లీలో నవ్వుకుంటూ చెప్పుకున్నాము, ఏడాది దాకా. తరువాత 2024 మే 21న అదే ఉజని నీళ్లలో, కుగావ్ నుంచి కళాశీకి పోతున్న పడవ సాయంత్రం గాలివానకు బోల్తాపడింది. ఏడుగురిలో ఆరుగురు పోయినారు. ఈదుకుంటూ బయటపడింది ఒక్కడు. ఆ వార్త నేను చదివి వినిపిస్తుంటే ఆమె చేతిలో ఆకు అట్లనే ఆగిపోయింది. ఆ దినం నుంచి మేము మా పడవ కథను నవ్వుతూ చెప్పడం లేదు.

అందుకే రాస్తున్నాను. మన వయసువాళ్లు బయటికి పోవద్దని కాదు. పోవాలె. నలభై ఏండ్లు నీళ్లు మోసిన ఆడమనిషికి ఆ నీళ్లు ఒకసారి చూసే హక్కు ఉన్నది. కానీ మిరుగం ముందు పదిహేను రోజులు గాలిని నమ్మవద్దు. పడవ ఎక్కితే పొద్దున్నే ఎక్కాలె. బస్సు ఆలస్యమై మధ్యాహ్నం దాటితే ఒడ్డు మీదనే కూర్చొని నీళ్లు చూసి రావాలె, అవి అక్కడినుంచి కూడా కనపడుతయి. మనిషికి ఒక జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. నాలుగు ఉంటే నలుగురే ఎక్కాలె. అడగడానికి సిగ్గు వద్దు, మా ఇంటామె అడిగింది కాబట్టే ఆ నాలుగన్నా బయటికి వచ్చినాయి.

ఇంకొకటి. పగిలిన పీపాకు అతుకు వేయించినాము, ఇప్పటికీ నడుస్తున్నది. నల్లా వచ్చిన రాత్రి నింపుతుంటే ఎప్పుడన్నా కొంచెం పొర్లుతది. ఆమె వెంటనే తిప్పి కట్టేస్తది. "పళస్‌దేవ్ వాళ్ల నీళ్లు, పారబోయకు" అంటది.