పెన్న ఒడ్డున గ్లెన్‌ఫిడిక్

నంది కొండల్లో పుట్టిన పెన్న కర్ణాటక దాటి ఆంధ్రలో అడుగుపెట్టేది హిందూపురం దగ్గరే. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇక్కడ ఏరంటే ఇసుకే. ఈ ఊరు గెలిపించి పంపిన ఎన్టీఆర్ 1995లో రాష్ట్రమంతటా మద్యనిషేధం పెట్టారు. 1997లో అది సడలే దాకా గొంతెండినవాళ్లకు ఏటికి ఎదురు పోతే గౌరిబిదనూరు ఉండనే ఉంది.

ఏటికీ మందుకూ చుట్టరికం ఇక్కడే కాదు: స్కాట్లండు మందు పేర్లు చాలా ఏర్లవీ లోయలవే. ఫిడిక్ ఒక ఏరు, లివెట్ మరొకటి. లివెట్ పోయి కలిసే నదిని రాతలో చూసి ‘ఎవాన్’ అనుకుంటాం, అక్కడివాళ్లు ‘ఆన్’ అంటారు. చివరికి అన్నీ స్పే నదిలోకే. మనవాళ్లు సీసా మీద అక్షరాలు కూడబలుక్కుని ‘గ్లెన్‌ఫిడ్డిచ్’ అంటారు. తప్పు నాలుకది కాదు, రాసినట్టే చదివే అలవాటుది. అసలైన చివరి ధ్వని హిందూపురం బజారులో రోజూ వినబడేదే: ఉర్దూ మాట్లాడేవాళ్లు ‘ఖబర్’ అనేటప్పటి గొంతు రాపిడి. అది పలకనివాళ్లు ‘ఫిడిక్’ అంటే చాలు, కంపెనీవాళ్లూ అంతే అంటారు. ఖబర్ మన నోట కబురు కాలేదా!

పెన్నకు తూర్పున, చిత్రావతికి పడమట పెనుకొండ. 1565 ఓటమి తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు. దేవనహళ్లిలో విమానం దిగిన కొడుకులు ఈ దారినే వస్తారు, సంచిలో డ్యూటీ ఫ్రీ సీసాతో. కస్టమ్స్‌వాళ్లు మనిషికి 2 లీటర్లు ఒప్పుకుంటారు. అందులో ఐలా ద్వీపం సరుకుంటే చూడాలి తంటా! లఫ్రోయిగ్, బ్రుక్‌లాడీ, కల్ ఈలా. తెలుగులో ఒకసారి రాసుకుంటే ఏదీ నోరు తిరగని పేరు కాదు. తాగడమే కష్టం. లఫ్రోయిగ్ బార్లీని పీట్ పొగలో ఆరబెడతారు, మొదటి గుక్కకు తడికట్టెల పొయ్యి ఊదినట్టుంటుంది. చెంచాడు నీళ్లు పోస్తే వాసన విచ్చుకుంటుంది. కోలా కలిపేవాడితో నాకు మాటల్లేవు. ఆ నీళ్లు మాత్రం ఇక్కడ పెన్నవని నమ్మకం లేదు, హంద్రీ–నీవా కాలువ కృష్ణ నీటిని పక్కనున్న గొల్లపల్లి జలాశయందాకా తెచ్చింది.

ధర్మవరంలో చిత్రావతి ఎదురవుతుంది. పట్టుచీరల ఊరు, మందు పీపాకు పడని ఎండల ఊరు. ఓక్ పీపాలో 3 ఏళ్లు నిండనిదే స్కాచ్ అనకూడదు. స్కాట్లండు చలికి ఏటా ఆవిరయ్యేది 2 శాతమే. బెంగళూరు అమృత్ పీపాల్లో అది 10 శాతం దాటుతుంది. అయినా ఆ సింగిల్ మాల్టును 2004లో గ్లాస్గోకే తీసుకెళ్లి విడుదల చేశారు, అదీ తెగువ! ధర్మవరంలో పీపా పెడితే మిగిలేది పీపానేనేమో.

2025 జులైలో సంతకాలైన బ్రిటన్ వాణిజ్య ఒప్పందంతో స్కాచ్ సుంకం 150 శాతం నుంచి 75కి, పదేళ్లకు 40కి దిగాలి. సీసాలు ఎక్కువవుతాయి, పేర్లూ ఎక్కువవుతాయి. ఇక్కడి కొట్లో గొంతు సవరించుకుని ‘గ్లెన్‌ఫిడిఖ్’ అని అడిగి చూడండి. కుర్రాడు ఒక్క క్షణం చూసి, “ఏదన్నా, జింక బొమ్మదేనా?” అంటాడు.