పదకొండు పళ్ళ చక్రం

హౌరా నుంచి బయలుదేరిన లోకల్ రైలుకు మొదటి స్టేషను లిలువా, రెండవది బేలూరు. బేలూరు పేరు మఠం మూలంగా లోకమంతటికీ తెలుసు. లిలువా పేరు మాత్రం రైల్వేతో సంబంధం ఉన్నవారికే ఎక్కువగా తెలుస్తుంది. ఈస్టిండియా రైల్వే కంపెనీ 1900లో ఇక్కడ రైలు పెట్టెల, వ్యాగన్ల కర్మాగారాన్ని నెలకొల్పింది. 1928లో ఇక్కడి కార్మికులు నెలల తరబడి సాగించిన సమ్మె మన కార్మికోద్యమ చరిత్రకు ఎక్కింది. ఈ కర్మాగారంలోనే చక్రాల షాపులో ఫిట్టరుగా చేరి, అక్కడే తల నెరిసి పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. మా పూర్వులది శ్రీకాకుళం ప్రాంతం. బెంగాల్-నాగపూర్ రైల్వే వెంట నడిచి ఖరగ్‌పూర్ చేరిన వేలాది తెలుగు కుటుంబాలలో మాది ఒకటి. తరువాతి తరంలో హౌరా వైపు జరిగింది. ఇంట్లో తెలుగు, షాపులో హిందీ, వీధిలో బెంగాలీ మాట్లాడుతూ పెరగడం మాకు వింతగా తోచలేదు.

రైలు పెట్టె మరమ్మతుకు వచ్చినప్పుడు జరిగే పనిని గూర్చి పాఠకులకు ముందుగా కొంత చెప్పవలసి ఉంది. పెట్టెను క్రేనుతో పైకెత్తి, దాని కింద ఉన్న రెండు ట్రాలీలను వేరు చేస్తారు. పెట్టె ఒక షాపుకు, ట్రాలీలు మరొక షాపుకు, చక్రాలు ఇంకొక షాపుకు పోతాయి. తిరిగి కూర్చేటప్పుడు ఈ పెట్టెకు ఈ చక్రాలే రావాలన్న నియమం లేదు. సిద్ధంగా ఉన్న చక్రాలు వస్తాయి. అవి నిన్నటి దాకా మరో పెట్టె కింద మరో దిక్కుకు పరుగులు తీసినవి కావచ్చు. అయినా పెట్టె నంబరు మారదు. ఆ రైల్లో ప్రయాణించే వారెవరికీ తాము వేరే పెట్టెలో కూర్చున్నామన్న అనుమానం రాదు.

అయితే ఈ కలగలుపుకు ఒక హద్దు ఉంది. పెరంబూరు నమూనా పెట్టెలకు మేము పాటించిన లెక్క ఇది: తరణ పట్టించిన తరువాత ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వ్యాసాలకు తేడా అర మిల్లీమీటరు మించరాదు, ఒకే ట్రాలీలోని చక్రాలకు 5 మిల్లీమీటర్లు మించరాదు, ఒకే పెట్టె కింద ఉన్న చక్రాలన్నిటిలో 13 మిల్లీమీటర్లు మించరాదు. ఎంత దగ్గరగా కలిసి తిరిగితే అంత సమానంగా ఉండాలి, దూరమయ్యే కొద్దీ తేడాకు చోటు పెరుగుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా ఈ మూడు అంకెలతో కాపురం చేశాను. వీటిని ఒక ఆటబొమ్మ మీద ప్రయోగించవలసి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

మా షాపులో నాకంటే కొన్నేళ్ళు పెద్దవాడైన బెంగాలీ మిత్రుడు ఒకాయన ఉండేవాడు. ఆయనను దాదా అనీ, ఆయన భార్యను బౌదీ అనీ పిలిచేవాళ్ళం. దాదా కాలం చేసిన కొన్నేళ్ళకు బౌదీ ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరకు వెళ్ళడానికి నిశ్చయించుకున్నారు. ఒకనాడు నన్ను పిలిపించి, మంచం కింద ఉన్న ట్రంకు పెట్టె తెరిపించారు. అందులో రేడియోతో నడిచే ట్యాంకు బొమ్మ ఒకటి ఉంది. బంధువు ఒకరు విదేశం నుంచి పిల్లల కోసం తెచ్చినదట. ఇప్పుడు దానికి పై బురుజు లేదు. పన్నెండు చక్రాలలో ఏడే మిగిలాయి. ఎడమ పట్టా తెగి కొన్ని లంకెలు పోయాయి. బ్యాటరీ కారి రిసీవరును తినేసింది. “నడిస్తే నాతో తీసుకుపోతాను, నడవకపోతే పాత సామానులవాడికి ఇచ్చేస్తాను. నెల రోజుల్లో ఇల్లు అప్పగించాలి” అన్నారు బౌదీ.

అది షెర్మన్ ట్యాంకుకు పదహారో వంతు నమూనా, మూరెడు కంటే కొంచెం తక్కువ పొడవు. షెర్మన్ అమెరికా వారి ట్యాంకే అయినా మన సైన్యానికి కొత్తది కాదు. 1965 యుద్ధంలో అసల్ ఉత్తర్ వద్ద మన దక్కన్ హార్స్ దళం పోరాడింది షెర్మన్లతోనే. దాని వంశంలో అతుకులకు కొదవ లేదు. యుద్ధకాలంలో తగిన ఇంజన్లు చాలక, క్రైస్లర్ కంపెనీ ఐదు కారు ఇంజన్లను ఒక్కచోట బిగించి ముప్పై సిలిండర్ల ఇంజనుగా మలిచి, ఏడు వేలకు పైగా షెర్మన్లకు అమర్చింది. ఆ ఇంజను పట్టడానికి ట్యాంకు పొడవునే పెంచవలసి వచ్చింది. తరువాతి కాలంలో ఈజిప్టు వారు కొన్ని షెర్మన్లకు ఫ్రెంచి ట్యాంకు బురుజును తగిలించుకున్నారు. కనుక మా బొమ్మకు మరో దేశపు ట్యాంకు బురుజు పెట్టినప్పుడు నేను కొత్తగా చేసిన అపచారమేమీ లేదు. మల్లిక్ బజారులో పాత మోటారు విడిభాగాల మధ్య విరిగిన బొమ్మ ఒకటి కనబడితే దాని బురుజు తెచ్చి, అడుగున వలయం చుట్టి కూర్చోబెట్టాను. చూపుకు వేరే జాతిదని తెలుస్తూనే ఉంటుంది, కాని తిరగడానికి అభ్యంతరం లేదు.

చక్రాల విషయంలో పాత లెక్క అక్కరకు వచ్చింది. తక్కువైన ఐదు చక్రాలూ రెండు మూడు రకాల బొమ్మల నుంచి వచ్చాయి. వ్యాసంలో మిల్లీమీటరు దాకా తేడా. ఇవి బరువు మోసేవే కాని బండిని నడిపేవి కావు. ఒక్కొక్కటి తన స్ప్రింగు మీద తాను పైకీ కిందికీ ఆడుతుంది కనుక ఆ తేడా చెల్లిపోయింది. పట్టా లంకెల దగ్గర ఆ ఉదారత పనికిరాదు. లంకెకూ లంకెకూ మధ్య దూరంలో వెంట్రుక వాసి తేడా ఉన్నా, అది వరుసగా కూడుకుని పట్టా పళ్ళ చక్రం మీదకు ఎగబాకుతుంది. అందుచేత అదే తయారీ లంకెల కోసం వెదకి, బెహాలాలో ఇలాంటి నమూనాలు సేకరించే ఒక యువకుణ్ణి పట్టుకున్నాను. అతడు సంచీడు లంకెలు ఇచ్చాడు.

ఇక రేడియో. తీగలేని ఆజ్ఞకు కలకత్తా పుట్టినిళ్ళలో ఒకటి. 1895లో జగదీశ్ చంద్ర బోసు ఇక్కడి టౌన్ హాలులో గోడ అవతలి గంటను తీగ లేకుండా మోగించి చూపారు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను అదే తీరున నడిపి చూపాడు. సోవియట్ వారు రేడియోతో నడిచే నిజమైన ట్యాంకులను 1939-40 నాటి ఫిన్లాండ్ యుద్ధంలో దించారు. మా బొమ్మలో పాడైన రిసీవరుకు బదులు చాందినీ బజారులో వేరొక రిసీవరు దొరికింది. ఈ పాతకాలపు పరికరాలలో పంపే పెట్టెకు ఒక స్ఫటికం, అందుకునే పెట్టెకు మరొక స్ఫటికం ఉంటాయి. రెండూ ఒకే అంకెవి అయి ఉండాలని తెలియనివారు అనుకుంటారు. నిజానికి అవి సమానమైతే మాట అందదు. పంపేది 27.145 మెగాహెర్ట్జ్ అయితే అందుకునేది 26.690 కావాలి, 455 కిలోహెర్ట్జ్ తేడా ఖచ్చితంగా నిలవాలి. దుకాణదారు పాత డబ్బాలోంచి గుప్పెడు స్ఫటికాలు బల్ల మీద పోశాడు. సరైన తేడా ఉన్న జత కోసం ఒక సాయంత్రమంతా వాటి నెత్తి మీది అంకెలు చదువుతూ కూర్చున్నాను. సమానంగా ఉండవలసినవి కొన్ని, ఎలా ఉన్నా చెల్లేవి కొన్ని, నియతమైన తేడాతోనే పలికేవి కొన్ని అని ఆ రోజు తేటపడింది. మూడు భాషల మధ్య బతికిన నాకు ఈ మూడవ రకం బాగా అర్థమైంది.

బొమ్మ కదిలింది. కాని తిన్నగా పోలేదు. ముందుకు తోలితే కుడివైపు వంపు తిరుగుతూ వచ్చి బయలుదేరిన చోటికే చేరేది. ట్యాంకుకు చుక్కాని ఉండదు. రెండు పట్టాల వేగాలలో తేడాయే దానికి చుక్కాని. ఎడమ పట్టా వడిగా తిరుగుతున్నదన్నమాట. విప్పి చూస్తే కారణం కనబడింది. కుడి మోటారు కొసన కంపెనీ వారి పది పళ్ళ చిన్న చక్రం ఉంది. ఎడమ మోటారుకు మాత్రం పదకొండు పళ్ళ ఇత్తడి చక్రం ఉంది. అసలుది ఎప్పుడో విరిగితే, దాదా ఏ పాత యంత్రం నుంచో పంటి కొలత సరిపోయే చక్రాన్ని సంపాదించి, దాని రంధ్రంలో సన్నని గొట్టం అతికి మోటారు కడ్డీకి సరిచేశాడు. పన్ను ఒకటి పెరిగినందువల్ల చక్రం వ్యాసార్ధం పావు మిల్లీమీటరు పెరుగుతుంది. ఆ మేరకు మోటారును వెనక్కు జరపడానికి మర రంధ్రాలను ఆకురాయితో కోలగా చేశాడు. ఆకురాయి గీతలు చూడగానే అది ఆయన చేయి అని గుర్తుపట్టాను. పదికి పదకొండు అంటే పదోవంతు వేగం ఎక్కువ. పట్టాల మధ్య దూరం 13 సెంటీమీటర్లు. లెక్క కడితే బండి దాదాపు 140 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. గదిలో అది గీసినది కూడా ఇంచుమించు అదే.

బెహాలా యువకుడు ఈ సంగతి విని, తన దగ్గర అసలు పది పళ్ళ చక్రాల జత ఉన్నదనీ, ఉచితంగా ఇస్తాననీ అన్నాడు. “ఆ ఇత్తడి ముక్క తీసేయండి కాకా, అది అసలు కాదు” అన్నాడు. చాందినీ దుకాణదారు మరో దారి చెప్పాడు. ఎడమ మోటారు తీగలో రెండు డయోడులు ఎదురెదురుగా వేస్తే, ముందుకు పోయినా వెనక్కు పోయినా 0.7 వోల్టులు తగ్గి వేగం సరిపోతుందట. సలహా చెడ్డది కాదు. కాని బ్యాటరీ నిండుగా 8.4 వోల్టులు ఉన్నప్పుడు ఆ తగ్గింపు చాలదు, బండి కొద్దిగా కుడికి లాగుతుంది. వాడుతుండగా 7.2కు దిగేసరికి తగ్గింపు అవసరానికి మించి, ఎడమకు లాగుతుంది. ఈ బొమ్మకు ముందుకు, ఆగు, వెనక్కు అన్న మూడే ఆజ్ఞలు కనుక పంపే పెట్టె నుంచి సరిదిద్దే వీలు లేదు. ఒకే ఇరుసు మీది చక్రాల వంటివి ఈ రెండు చక్రాలు; ఇక్కడ సమానత్వం తప్ప మరో మందు లేదు.

బౌదీకి రెండు మార్గాలూ వివరించాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, “నడవాలి. ఆయన పెట్టినది ఉండాలి. రెండూ కుదరకపోతే నడవనక్కరలేదు” అన్నారు.

ఇంటికి తెచ్చి అడుగుభాగాన్ని శుభ్రం చేస్తుంటే గ్రీజు కింద పెన్సిలు రాత బయటపడింది. బెంగాలీలో ‘ఎడమ 11’ అని, దాని కింద ‘కుడి’ అని ఉంది. కుడి పక్కన ఏమీ రాయలేదు. బండి వంపు తిరుగుతుందని దాదాకు తెలియకపోలేదు. అర మిల్లీమీటరు తేడా కంటితో పట్టగలిగినవాడికి పన్ను ఒకటి ఎక్కువని తెలియదా? రెండో చక్రం దొరికిన నాడు రాద్దామని ఆ చోటు వదిలి ఉంటాడు. ఎడమదాన్ని పదికి దించడం గాక, కుడిదాన్ని పదకొండుకు ఎత్తడమే మిగిలిన పని అని నాకు నిశ్చయమైంది.

హౌరాలో బెలీలియస్ రోడ్డు పొడుగునా చిన్న చిన్న ఇంజనీరింగు దుకాణాలు ఉన్నాయి. ఒకప్పుడు ఈ పరిశ్రమను చూసే హౌరాను తూర్పుదేశపు షెఫీల్డ్ అన్నారు. అక్కడ ఒక ముసలి పనివాడి ముందు దాదా చక్రం పెట్టి ఇలాంటిదే మరొకటి కావాలన్నాను. ఒకటి చేయడానికైనా వందకు పట్టే సన్నాహమే పడుతుందని గొణిగాడు. 360ని పదకొండుతో భాగిస్తే నిశ్శేషం కాదు కనుక, విభాజక పళ్ళెం మార్చి, గడ్డిపరక అంత ఇత్తడి కడ్డీ మీద ఒక్కొక్క పన్నూ కోశాడు. వెర్నియర్‌తో రెండింటినీ కొలిచి, తేడా లేదని తేల్చుకుని తీసుకువచ్చాను. కుడి మోటారు రంధ్రాలను కూడా పావు మిల్లీమీటరు మేర ఆకురాయి పట్టించాను. పళ్ళు పెరిగినందుకు మోటార్ల మీద భారం కొంత ఎక్కువే. పరాయి బురుజు అసలుదానికంటే తేలిక కావడం ఇక్కడ కలిసివచ్చింది.

బౌదీ ఇంటి పొడవైన వసారాలో సున్నపు గీత గీసి, దాని మీద బండిని వదిలాను. ఈ చివర నుంచి ఆ చివరకు గీత విడవకుండా పోయింది. వెనక్కు కూడా అలాగే వచ్చింది. బౌదీ ఒకసారి తన చేతిలోకి తీసుకుని నడిపారు. ఏమీ అనలేదు. పంపే పెట్టెను చాలాసేపు తిరిగి ఇవ్వలేదు.

బెహాలా యువకుడు వచ్చి చూసి, సేకరణదారుల లెక్కలో దీనికి విలువ లేదని నిజాయితీగానే చెప్పాడు. అతని మాట అతని రంగంలో సరైనదే. పుట్టినప్పుడు ఉన్న భాగాలే ఉండాలన్నది ప్రదర్శనశాల న్యాయం. నడిచే బండ్లది వేరే న్యాయం. మా షాపు నుంచి వెళ్ళిన పెట్టెలలో పుట్టినప్పటి చక్రాలతో తిరుగుతున్నది ఒక్కటైనా ఉంటుందని నేను అనుకోను.

ఇల్లు ఖాళీ చేసే ముందురోజు బండిని చివరిసారి తిరగేసి, ‘కుడి’ పక్కన ఖాళీలో 11 అని బెంగాలీ అంకెల్లో రాశాను. ఏ భాగం ఎక్కడి నుంచి వచ్చిందో, స్ఫటికాల అంకెలు ఏవో ఒక కాగితం మీద రాసి పెట్టెలో ఉంచాను. రేపు మరొకరు విప్పితే వారికి పనికివస్తుంది. అడుగున తెల్లరంగుతో లిలువా అనీ, మరమ్మతు జరిగిన నెల, సంవత్సరమూ, దాని కింద తిరిగి రావలసిన నెల, సంవత్సరమూ వేశాను. ఈ రెండో తేదీ ఏమిటని బౌదీ అడిగారు. మా కర్మాగారం గేటు దాటే ప్రతి పెట్టె మీదా ఆ తేదీ ఉంటుందని చెప్పాను. “అయితే రావాలన్నమాట” అన్నారు ఆవిడ, బండిని చీర మడతల మధ్య సర్దుతూ.