కారులో గలగల

గరికపాడులో మా ఇల్లు జాతీయ రహదారికి దగ్గర. ఇటు వెళితే జగ్గయ్యపేట, నందిగామ. అటు పాలేరు దాటితే తెలంగాణ. సిమెంటు లారీలు రాత్రింబగళ్లు తిరిగే దారి కనుక శబ్దం మాకు కొత్త కాదు. అయినా మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు, కారు వీధి మలుపు తిరగకముందే మా వంటింటి అరలోని స్టీలు గ్లాసులు కదిలాయి. డిక్కీలో పన్నెండు అంగుళాల సబ్‌వూఫర్ పెట్టించుకున్నాడట.

అతని బాధ ఆ మోత గురించి కాదు. "మావయ్యా, పాట అద్భుతంగా ఉంటుంది. కానీ వెనక ఎక్కడో డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గలగల. షాపులో మూడుసార్లు చూపించాను, పోలేదు" అన్నాడు.

ఛాతీ మీద వేళ్లు తాటించి లోపలి నీరును పసిగట్టడం నా వృత్తి. ఆ పరీక్షను 1761లో లోకానికి చెప్పిన ఆవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు ఒక సత్రం యజమాని కొడుకు. సారాయి పీపాలో సరుకు ఎంతవరకు ఉందో తట్టి తెలుసుకునే పద్ధతి చిన్నప్పుడే చూశాడని అంటారు. పీపా నుంచి ఛాతీకి వచ్చిన విద్య కారుకు పనికిరాకపోతుందా అనుకున్నాను. అది కొంత అహంకారమేనని ఇప్పుడు తెలుస్తోంది.

ముందు రోగమేమిటో చూడండి. 50 హెర్ట్జ్ స్వరానికి గాలిలో తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు. కారే అంత పొడవు ఉండదు. అందువల్ల లోపలి గాలి అంతా ఒకేసారి ఉబ్బి, ఒకేసారి తగ్గుతుంది. రేకు, ప్లాస్టిక్ తొడుగు, అద్దం అన్నీ ఆ ఒత్తిడికి లోబడతాయి. ప్రతి వస్తువుకూ తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. పాట ఆ స్వరాన్ని తాకగానే ఆ ఒక్క వస్తువు రెచ్చిపోయి పక్కదానిని కొడుతుంది. మంద్రస్వరం చెవికి మందంగానే వినిపిస్తుంది. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ కొట్టుకునే చప్పుడు మాత్రం చెవి చురుకుగా పట్టే శ్రుతిలో ఉంటుంది. అందుకే అంత పెద్ద మోతలోనూ ఆ చిన్న గలగల చిరాకు పెడుతుంది.

వేపచెట్టు కింద కారు నిలిపి పని మొదలుపెట్టాం. పాట పెడితే దోషం దొరకదు, అది క్షణానికొక స్వరానికి మారుతుంది. ఫోనులో 20 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే ఒకే నాదాన్ని పెట్టించి, గలగల మొదలైన చోట దానిని ఆపించాను. అతడు ముందు కూర్చున్నాడు, నేను అరచేతితో ఒక్కొక్క భాగాన్ని నొక్కుతూ తిరిగాను. చెయ్యి పెట్టగానే చప్పుడు ఆగితే దోషి అదే. మొదట పట్టుబడింది వెనక నెంబరు ప్లేటు. తరువాత డిక్కీలో జాకీ, స్టెప్నీ బోల్టు, వెనక సీటు మీది పలక, వాడని సీటు బెల్టు కొక్కెం. డాష్‌బోర్డు అరలోని చిల్లర నాణేలు కూడా తమ వంతు వాయించాయి.

వైద్యం చౌకే. నెంబరు ప్లేటు వెనుక పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టి మరలు బిగించాం. ప్లాస్టిక్ తొడుగులు ఒకదానికొకటి తగిలే అంచులలో ఫోమ్ టేపు. జాకీకి పాత దుప్పటి ముక్క. పలుచని డిక్కీ రేకును మాత్రం నూనె మరక లేకుండా తుడిచి, ఒకవైపు అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ షీటు అతికించి గట్టిగా రుద్దాం. ఆ షీటు కంపన శక్తిని పీల్చుకుంటుంది కనుక రేకు అదరడం తగ్గుతుంది. మీరు చేసుకునేటట్టయితే రెండు జాగ్రత్తలు. తలుపుల అడుగున వాననీరు పోయే రంధ్రాలను మూయకండి, మూస్తే తలుపు లోపలినుంచి తుప్పు పడుతుంది. అద్దాల పక్క స్తంభాల తొడుగుల వెనుక ఎయిర్‌బ్యాగు ఉండే కార్లలో వాటి జోలికి అసలే పోకండి. ఎక్కడ నొక్కినా ఆగని బరబర అయితే అది బహుశా స్పీకరుదే. యాంప్లిఫయరు గెయిన్ అతిగా తిప్పారేమో చూసుకోవాలి.

సాయంత్రానికి గలగల పూర్తిగా పోయింది. మా మేనల్లుడి ముఖం వెలిగిపోయింది. "ఎక్కండి మావయ్యా" అని చిల్లకల్లు వైపు తీసుకెళ్లాడు. దారిలో నాబు తిప్పుతూనే ఉన్నాడు. "చూశారా, ఎంత పెంచినా చప్పుడు లేదు!" తిరిగివచ్చి దిగేసరికి నా చెవుల్లో గుయ్యిమని ఒక సన్నని ధ్వని. మా ఆవిడ మాట దూరం నుంచి వస్తున్నట్టు వినిపించింది.

అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. జ్వరం ఎందుకు వచ్చిందో అడగకుండా జ్వరం మాత్ర ఇచ్చాను. ఇంతకాలం అతడిని ఒక హద్దు దాటకుండా ఆపింది ఆ గలగలే. ఇక హద్దు లేదు. కారు రేకు అదిరితే చప్పుడు చేస్తుంది, చెవి అలా చేయదు. లోపలి నత్తగుల్లలో ఒక్కో చెవికి సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి; చచ్చిన కణం మనిషికి మళ్లీ మొలవదు.

రోగిని అడగవలసిన మొదటి ప్రశ్నను చివరికి అడిగాను. "రాత్రి పడుకున్నాక చెవిలో ఏమైనా వినిపిస్తుందా?" కొంచెం ఆగి, "ఏడాదిగా వస్తోంది. ఏసీ చప్పుడేమో అనుకున్నాను" అన్నాడు.

మరునాడు అదే బిగ్గరతనంలో ఫోను యాప్‌తో కొలిచాను. 98 డెసిబెళ్లు చూపింది. ఆ అంకె నిజానికంటే తక్కువే కావచ్చు. ఫోను మైకు మంద్రాన్ని సరిగా పట్టదు, లెక్క కట్టే పద్ధతిలోనూ మంద్రానికి విలువ తగ్గిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలకు 80 డెసిబెళ్లయితే వారానికి 40 గంటలు వినవచ్చు. ప్రతి 3 డెసిబెళ్ల పెరుగుదలకూ ఆ కాలం సగమవుతుంది. 90 దగ్గర నాలుగు గంటలు, 100 దగ్గర ఇరవై నిమిషాలు. 98 అంటే వారం మొత్తానికి నలభై నిమిషాలు కూడా రావు. హైదరాబాదు నుంచి మా ఊరికే మూడున్నర గంటల ప్రయాణం.

ఆ ప్రయాణమంతా అతని మూడేళ్ల పాప వెనక సీటులో, సబ్‌వూఫర్‌కు మూరెడు దూరంలో నిద్రపోయింది. పిల్లలకు హద్దు 75 డెసిబెళ్లే. "పాటకు హాయిగా నిద్రపోతుంది మావయ్యా" అని అతడు మురిసిపోతూ చెప్పిన మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

పండుగ వెళ్లాక విజయవాడలో వినికిడి పరీక్ష చేయించాం. రెండు చెవుల్లోనూ 4000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగింది. మోతకు దెబ్బతిన్న చెవి తరచుగా మొదట చూపే గుర్తు అది. మామూలు సంభాషణ ఇప్పటికి బాగానే అందుతుంది, అందుకే ఎవరూ గమనించరు. పోయినది రాదని, ఉన్నదానిని కాపాడుకోవచ్చని చెప్పాను. పాప చెవులు ప్రస్తుతానికి బాగున్నాయి.

సబ్‌వూఫర్ తీసేయమని నేను అనలేదు. అంటే వినేవాడూ కాదు. గెయిన్ తగ్గించాడు. నాబు మీద తెల్ల పెయింటుతో ఒక గీత పెట్టుకున్నాడు. పాప ఉన్నప్పుడు డిక్కీ స్విచ్ ఆపుతానని మాట ఇచ్చాడు, ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

బయలుదేరే ముందు స్క్రూడ్రైవరు తెప్పించి, నెంబరు ప్లేటు వెనుక నేనే పెట్టిన ట్యూబు ముక్కలను తీసేశాను. మరలు మళ్లీ బిగించాను. అతడు ఆశ్చర్యంగా చూశాడు. కారెక్కి నాబు తిప్పుతూ పోయాడు. తెల్ల గీత కాస్త దాటేసరికి వెనక నుంచి గలగల మొదలైంది. నవ్వి, వెనక్కి తిప్పాడు.