ప్రింట్ ఎటు పోయింది?

నెలాఖరులో ఏ ఆఫీసులోనైనా వినపడే మాట “ప్రింట్ ఇచ్చాను సార్, రాలేదు” అని. ఆ మాట అనేవాళ్ల ముందు సంతకం కావలసిన బిల్లు ఉంటుంది, బల్లకు అవతల ఒక మనిషి ఎదురుచూస్తూ ఉంటాడు. సర్వర్లు చూసుకునే మాకది నలభై కంప్లయింట్లలో ఒకటి. వాళ్లకు ఆ పూట పనంతా అదే. ప్రింటర్ల సంగతి చిన్న పని అని తీసిపారేసే సహోద్యోగులతో నాకు అందుకే పేచీ.

నెట్‌వర్కు పుట్టుకలోనే ప్రింటర్ ఉంది. 1973లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధన కేంద్రంలో బాబ్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌ను తలపెట్టినప్పుడు, అక్కడి ఆల్టో కంప్యూటర్లన్నిటికీ లేజర్ ప్రింటర్‌ను అందుబాటులోకి తేవడం ఆయన ముందున్న అవసరాల్లో ఒకటి. మంచి యంత్రం ఒక్కటే ఉంది, అందరికీ అక్కరకు రావాలి.

సర్వర్లు పెరిగేకొద్దీ చిక్కు మొదలవుతుంది. అకౌంట్స్‌కి ఒకటి, ఎస్టాబ్లిష్‌మెంట్‌కి ఇంకొకటి. వరండాలో ఉన్న ఒకే ప్రింటర్‌ను రెండిట్లోనూ షేర్ చేశారనుకోండి, క్యూలు రెండవుతాయి. ఒక సర్వర్ క్యూలో ఏముందో రెండోదానికి తెలీదు. చాలా ప్రింటర్లు 9100 పోర్టు మీద ఒకసారికి ఒక్కరి పనే అందుకుంటాయి. అటునుంచి రెండు వందల పేజీల లెడ్జర్ వస్తున్నంతసేపూ ఇటు ఒక్క పేజీ ఉత్తరం కదలదు. పంపినావిడ క్యూ తెరిచి చూస్తే తనకు ముందు ఎవరూ లేరు. మళ్లీ ప్రింట్ కొడుతుంది. ఇంకోసారి కొడుతుంది. లెడ్జర్ అయ్యాక అదే ఉత్తరం మూడుసార్లు వచ్చి పడుతుంది. ఆవిడ తప్పేమీ లేదు, మనం ఆవిడకు చూపించింది సగం వరసే. సర్వర్లు ఎన్నయినా ఉండనీ, ప్రింటర్‌కు ఒకే క్యూ, అదీ ఒకే ప్రింట్ సర్వర్‌లో ఉండాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

కాగితం సైజుది ఇంకో తంటా. ట్రే నిండా ఏ4 ఉన్నా, ప్యానెల్ మీద పసుపు లైటు వెలిగి లెటర్ సైజు పెట్టమంటుంది. అటెండర్ ట్రే లాగి, కాగితాలు బల్ల మీద తట్టి సర్ది, మళ్లీ తోస్తాడు. లైటు ఆరదు. ఏ4 కాగితం 210 మి.మీ. వెడల్పు, 297 మి.మీ. పొడవు. అమెరికావాళ్ల లెటర్ 216, 279. క్యూ పెట్టిన రోజున డ్రైవర్ లెటర్‌తో వచ్చింది, ఎవరూ మార్చలేదు. ‘ప్రిఫరెన్సెస్’లో మారిస్తే మార్చినవాళ్ల లాగిన్‌కే వర్తిస్తుంది. అందరికీ మారాలంటే సర్వర్‌లో ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’లోకి వెళ్లాలి. క్యూలు రెండుంటే రెండు చోట్లా మార్చాలి. ఒకచోట మరిచిపోతే పాపం ఆ అటెండర్ రేపు మళ్లీ ట్రే లాగుతూ ఉంటాడు.

2021 జులైలో ‘ప్రింట్‌నైట్‌మేర్’ బయటపడ్డాక నా పట్టు ఇంకా బిగిసింది. విండోస్‌లో ప్రింట్ క్యూలను నడిపే స్పూలర్‌లోని ఆ లోపం వల్ల, మామూలు లాగిన్ ఒకటి చేతికి చిక్కినవాడు సర్వర్‌నే చేజిక్కించుకోగలిగేవాడు. ప్రింటింగ్‌తో పనిలేని సర్వర్లలో, ముఖ్యంగా డొమైన్ కంట్రోలర్లలో, స్పూలర్‌ను ఆపేయడమే క్షేమం. ఆగస్టులో వచ్చిన అప్‌డేట్‌తో ప్రింటర్ డ్రైవర్ ఎక్కించడానికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి తప్పనిసరైంది. అది సరైన నిర్ణయమే. కాకపోతే అంతవరకూ తమంతట తాము ప్రింటర్ తగిలించుకున్న గుమాస్తాలు ప్రతిదానికీ మమ్మల్ని పిలవాల్సి వచ్చింది. గ్రూప్ పాలసీతో, ఎవరు ఏ సెక్షన్‌లో ఉంటే ఆ ప్రింటర్ లాగిన్ కాగానే వాళ్లకు కనపడేలా చేస్తే ఆ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

ఇక పేర్లు. కంపెనీ మోడల్ నంబరుతో కనపడే క్యూ పేరు చూసి, తమ ప్రింటర్ ఏదో కొత్తగా చేరినవాళ్లు ఎలా పోల్చుకుంటారు? ‘రెండో అంతస్తు, అకౌంట్స్, తలుపు పక్కన’ అని పెడతాను. అదే పేరు కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ప్రింటర్‌కు అంటిస్తాను. ఐపీ అడ్రస్ మారకుండా రిజర్వ్ చేస్తాను. యంత్రం పాతబడి కొత్తది వచ్చినా ఆ పేరు మాత్రం అలాగే ఉంటుంది. లోపల పోర్టూ డ్రైవరూ మార్చుకునే పని మాది.