పుట్టినరోజుకి పాకుండలు

ఏడాది పిల్లాడి నెత్తిన అట్ట కిరీటం, వెనకాల మబ్బులు, పక్కన సింహం, ఏనుగు. అడుగున ఫంక్షన్ హాలు పేరు, విందు రాత్రి 7 గంటల నుంచి అన్న ముక్క. వాట్సాప్‌లో ఇలాంటి ఆహ్వానం వచ్చినప్పుడల్లా నాకు కోపం కన్నా ముందు దిగులు ముంచుకొస్తుంది. మొన్న వచ్చింది రావులపాలెం పక్కన కౌలుకి అరటి వేసే కుర్రాడి దగ్గర్నుంచి. గెల ధర పడిపోయిందని కిందటి నెలే నా దగ్గర వాపోయాడు. "మరి ఇదంతా ఎందుకురా ఇప్పుడు?" అంటే, "ఏం చేస్తామండీ, బావగారు వాళ్ళ పాపకి హాల్లో చేశారు. మనం ఇంట్లో కానిచ్చేస్తే ఏం బావుంటుందండీ" అన్నాడు. వాడి గొంతులో సంబరం లేదు. బాకీ తీర్చేవాడి గొంతు అది.

లెక్క వేసి చూడండి. ప్లేటు 300 అనుకున్నా 200 మందికి 60,000. దాని మీద హాలు అద్దె, గుమ్మానికి బెలూన్ల తోరణం, రెండంతస్తుల కేకు, ఫొటోలూ వీడియో, మైకు పట్టుకుని చప్పట్లు కొట్టించే యాంకరు, వచ్చినవాళ్ళకి రిటర్న్ గిఫ్టులు, ఊరి సెంటర్లో సినిమా హీరో బొమ్మ పక్కన పిల్లాడి ఫ్లెక్సీ. లక్ష దాటడానికి ఏమంత కష్టపడక్కర్లేదు. పెళ్ళాం మెళ్ళో గొలుసు బ్యాంకు లాకర్లోకి వెళ్తే సరి. ఇంతా చేసి ఆ రాత్రి ఎనిమిదింటికి ఆ పిల్లాడు చేసేదేమిటి? కళ్ళలోకి కొట్టే లైట్లకీ, చేతులు మార్చే కొత్త మొహాలకీ బెదిరిపోయి ఏడుస్తాడు. లేదా తల్లి భుజం మీద నిద్రపోతాడు. వాడి చెయ్యి పట్టుకుని తండ్రే కేకు కోస్తాడు. అప్పుడు అందరూ పాడే ఆ ఇంగ్లీషు పాట ఉంది చూడండి, దాని బాణీని 1893లో అచ్చు వేయించింది అమెరికాలో హిల్ అనే ఇంటిపేరున్న అక్కచెల్లెళ్ళు. చిన్నపిల్లలు పొద్దున్నే బడికి రాగానే పాడుకోవడానికని కట్టిన వరస. తర్వాత అది కంపెనీల చేతుల్లో పడి, సినిమాలో పాడితే డబ్బు కట్టమనే దాకా వెళ్ళింది. 2015లో అక్కడి కోర్టు ఆ హక్కు చెల్లదని తేల్చాక గానీ దానికి విముక్తి కలగలేదు. పిల్లల సంతోషం పెద్దవాళ్ళ బేరంగా మారడం అన్ని చోట్లా ఉన్నదే.

మన దగ్గర ఈ జబ్బు ఇంకాస్త ముదరడానికి కారణం మన మంచితనమే అని నా నమ్మకం. గోదావరి వాళ్ళకి పెట్టడం తప్ప మరొకటి తెలీదు. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం కాబోయే అల్లుడికి 365 రకాలు వడ్డిస్తే దేశమంతా పేపర్లలో వేసుకుంది. నేను దాన్ని తప్పు పట్టను, గర్వపడతాను. నీళ్ళున్న నేల అది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ కాలవ పారిన ప్రతి ఊళ్ళోనూ గాదె నిండింది, గాదె నిండిన ఇంట్లో విస్తరి పెద్దదైంది. మే 15 వస్తే చాలు, 1803లో పుట్టిన, ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహాలకి రైతులు పూలదండలు వేస్తారు. పొద్దున్నే గోదావరిలో మునిగేవాళ్ళలో ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డెల్టా అంతా కలిసి చేసుకునే పుట్టినరోజు అది. దానికయ్యే ఖర్చు దండ ఖరీదు. అంతకన్నా గొప్పగా ఏ పుట్టినరోజు జరిగిందో నాకు చెప్పండి.

ఇంట్లో పెట్టే అన్నానికి పెట్టే మనిషి ఉంటాడు. "ఇంకో గారె వేసుకోండి, మీకు ఇష్టం కదా" అని పక్కన నిలబడి అడుగుతాడు. హాల్లో ఆ మాట అడిగేవాడు లేడు. గరిటె పట్టుకున్న కుర్రాడికి మనం ఎవరమో తెలీదు, పిలిచినాయన వేదిక మీద ఫొటోల్లో ఉంటాడు. పది రకాలు ప్లేట్లో కలగాపులగం చేసుకుని, సగం పారేసి, కవరు చేతిలో పెట్టి వచ్చేస్తాం. పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకం ఉండేది, ఎవరెంత రాశారో చూసుకుని రేపు వాళ్ళింట్లో శుభకార్యానికి అంత చదివించేవాళ్ళు. పెళ్ళికి అది సాయమే, కాదనను. ఇప్పుడు ఏడాది పిల్లాడి పేరు మీద కూడా ఆ పుస్తకం తెరిచాం. వాడికి మాటలు రాకముందే వాడి నెత్తిన బాకీ రాస్తున్నాం.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. కోనసీమలో, ఆ అవతల పశ్చిమ గోదావరిలో, ఎన్నో ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి ఇళ్ళలో పని చేస్తున్నారు. పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతుంటారు. ఆ తల్లి డబ్బు పంపించి, "బాగా చెయ్యమ్మా, తక్కువ చెయ్యకు, కేకు పెద్దది తెప్పించు" అని చెప్పి, అక్కడ పని మధ్యలో వీడియో కాల్లో చూసుకుంటుంది. ఆ ఖర్చును ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. దగ్గరుండి తల దువ్వలేని తల్లి పంపే ప్రేమ అది, ఎంత పెద్ద ఫ్లెక్సీ వేయించినా సరే. నా దెబ్బలాటంతా ఎదురుగా ఉండి, చేతిలో పిల్లాడు ఉండి, చుట్టూ వీధి నిండా పిల్లలు ఉండి, హాలు కోసం అప్పు చేసేవాళ్ళతోనే.

ఎందుకంటే మనకి పిల్లల పండగ చెయ్యడం రాక కాదు. మన పుట్టినరోజు తిథిని బట్టీ, నక్షత్రాన్ని బట్టీ వచ్చేది. తలంటు, కొత్త బట్ట, పెద్దవాళ్ళ అక్షింతలు. పాలలో నువ్వులూ బెల్లమూ కలిపి, మార్కండేయుణ్ణీ ఏడుగురు చిరంజీవుల్నీ తలుచుకుని తాగించేవాళ్ళు. అశ్వత్థామ నుంచి పరశురాముడి దాకా ఆ పేర్లు నాకు అలాగే వచ్చాయి, పుస్తకం చూసి కాదు. తర్వాత బడికి ఆ రోజు రంగు బట్టలు వేసుకుని వెళ్ళడం. చిత్తూరు న్యూట్రిన్ వాళ్ళ చాక్లెట్ల పొట్లం పట్టుకుని బెంచీ బెంచీకీ తిరగడం, ప్రాణస్నేహితుడికి రెండోది రహస్యంగా ఇవ్వడం. ఆ రెండో చాక్లెట్టు విలువ ఏ రిటర్న్ గిఫ్టుకీ రాదు.

అన్నిటికన్నా పెద్దది భోగిపళ్ళు. దీని గురించి మొదలుపెడితే నన్ను ఆపడం కష్టమని మా ఇంట్లో వాళ్ళందరికీ తెలుసు. మా అమ్మమ్మగారిది లంక ఊరు. భోగినాటి సాయంత్రం వీధరుగు మీద పీట వేసి చంటిపిల్లల్ని వరసగా కూర్చోబెట్టేవాళ్ళు. ఎవరి పిల్లలు అన్న తేడా లేదు, ఐదేళ్ళ లోపు వాళ్ళు ఎవరున్నా సరే. రేగిపళ్ళు, చెరుకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర డబ్బులు అన్నీ చేటలో కలిపి, పేరంటాళ్ళు ఒక్కొక్కరే దోసిలితో తీసి, మూడుసార్లు దిష్టి తిప్పి నెత్తిన పోసేవాళ్ళు. రేగిపళ్ళ పులుపు వాసన ఆ వసారా అంతా నిండిపోయేది. కింద పడ్డ డబ్బుల కోసం మా వయసు వాళ్ళం పీట చుట్టూ కాచుకుని ఉండేవాళ్ళం. పోయడం ఆలస్యం, మోచేతులు దోక్కుపోతున్నా మీద పడి ఏరుకోవడమే. ఐదు పైసలు దొరికినవాడు రాజు. పీట మీద కూర్చున్న పిల్ల ఏడుస్తుంటే అందరూ నవ్వేవాళ్ళు, కాసేపటికి ఆ పిల్లే నెత్తిన ఉన్న రేగిపండు తీసుకుని నోట్లో పెట్టుకునేది. పాటలు పాడేవాళ్ళు పాడేవాళ్ళు, హారతి పట్టేవాళ్ళు పట్టేవాళ్ళు. పేరంటాళ్ళకి తాంబూలంలో శనగలు, రెండు అరటిపళ్ళు. ఇంటికి వెళ్ళేటప్పుడు ప్రతి పిల్లాడి జేబులోనూ రేగిపళ్ళు ఉండేవి, అవి నలిగి లాగులకి మరకలు పడేవి, అమ్మలు తిట్టేవాళ్ళు. దానికి ఆహ్వానం ఏమిటి? ఒక పిల్లని పంపి "సాయంత్రం మా పాపకి భోగిపళ్ళు, రమ్మంది అమ్మ" అని వీధి చివరిదాకా చెప్పించడమే. అలంకారం పెరట్లో బంతి. వేదిక పీట. పిల్లలకి కావలసినవన్నీ అందులో ఉన్నాయి: తోటి పిల్లలు, నేల మీద పడి ఏరుకునే స్వేచ్ఛ, తమ చుట్టూ నవ్వే పెద్దవాళ్ళు. బాగుందనుకుంటే దీన్ని ఏ నెలలోనైనా ఎందుకు చెయ్యకూడదు? రేగిపళ్ళు లేని కాలంలో పుట్టినవాడికి పూలరేకులూ శనగలూ బొరుగులూ పోద్దాం. శాస్త్రం ఒప్పుకుంటుందా అని పంతులుగారిని అడిగేవాళ్ళు అడగండి. పిల్లల మీద పూలు పోస్తే ఏ దేవుడికీ కోపం రాదు.

దీనికి బదులు ఇప్పుడు పోస్తున్నదేమిటి? నురగ. డబ్బా నొక్కితే తెల్లగా వచ్చే స్నో స్ప్రే. పిల్లల కళ్ళలో, ముక్కులో, కేకు మీద. అందులో నురగని బయటికి తోసే గ్యాసు మామూలుగా మనం వంటకి వాడే జాతిదే, అంటుకునే గ్యాసు. దాన్ని వెలిగే కొవ్వొత్తి పక్కనే, చిటపటలాడే మతాబు కొవ్వొత్తి పక్కనే పసివాడి మొహం మీదికి కొడతారు. బెలూన్లదీ అంతే. పైకి తేలే బెలూన్లలో హీలియం నింపాలి. అది మన దేశానికి దాదాపు అంతా బయటి నుంచే రావాలి, అందుకే ఖరీదు. చవకగా కానివ్వాలని హైడ్రోజన్ నింపేవాళ్ళు ఉన్నారు, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నోటితో ఊది దారం కట్టిన బుడగ నేల మీదే దొర్లుతుంది, పిల్లలు దాన్ని కాలితో తన్నుకుంటారు, వాళ్ళకి కావలసింది కూడా అదే. థర్మాకోల్ అలంకారం, ప్లాస్టిక్ పుల్ల గుచ్చిన బుడగ 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. అయినా మన వేదికల మీద థర్మాకోల్ అక్షరాలు మెరుస్తూనే ఉన్నాయి. ఖర్చు తగ్గించండి అంటే పిసినారి అనుకునేవాళ్ళు ఉంటారని ఇదంతా చెబుతున్నాను. ముందు ఈ నురగ డబ్బా ఒక్కటి మానెయ్యండి, మిగతా మాటలు తర్వాత మాట్లాడుకుందాం.

ఉన్నవాళ్ళకి పదిమందికీ పెట్టాలని ఉంటే అడ్డేముంది? లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా పొయ్యి రాజేసి వండి పెట్టింది. 1909లో ఆవిడ పోయింది. వైనతేయ పాయ మీద అక్విడక్టుకి ఆవిడ పేరు, 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఆ మధ్యాహ్న భోజన పథకంలో తిథి భోజనం అని ఒక ఏర్పాటు ఉంది. గుజరాత్‌లో మొదలైంది. ఎవరైనా తమ ఇంట్లో శుభదినాన బడి పిల్లలకి ఒక స్వీటో, ఒక పూట ప్రత్యేక భోజనమో పెట్టవచ్చు. హాల్లో 200 మంది పెద్దవాళ్ళు సగం తిని వదిలేసే దానికన్నా, మీ ఊరి ప్రాథమిక పాఠశాలలో 60 మంది పిల్లలు మీ పిల్లాడితో కలిసి బంతిలో కూర్చుని తినే పులిహోరా బూరే ఎంత బాగుంటాయి! అన్నవరం వెళ్ళి సత్యనారాయణ స్వామి నిత్యాన్నదానానికి పిల్లాడి పేరున రాయించేవాళ్ళూ ఉన్నారు. అదీ మంచిదే, కానీ పిల్లాడికి కనిపించేది బడి బంతే.

ఇంట్లో చేసేవాళ్ళకి నేను చెప్పేది చాలా కొంచెం. సాయంత్రం నాలుగింటికి పిలవండి, ఆరున్నరకి పంపెయ్యండి. పిల్లల్ని పిలవండి. మీ ఆఫీసునీ, కాంట్రాక్టర్లనీ, బావగారి బావగారినీ కాదు. అరకేజీ కేకు చాలు. కుర్చీలాట పెట్టండి, ఏడుపెంకులాట పెట్టండి. వెళ్ళేటప్పుడు చేతిలో ఏదో ఒకటి పెట్టాలని మనసు లాగితే తాపేశ్వరం మడతకాజా ఒకటి కాగితంలో చుట్టి ఇవ్వండి. కడియం నర్సరీ నుంచి మల్లె మొక్క తెచ్చి ఇచ్చినా మంచిదే, పెరడున్న ఇళ్ళకి.

ఇంకా మంచిది ఇంట్లో వండినది. మన పెద్దవాళ్ళు పిల్లాడి ఎదుగుదలని పిండివంటలతో కొలిచారు: నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు. ఇందులో అరిసెకి పేరొచ్చింది గానీ నా ఓటు పాకుండకే. కోనసీమ దాటితే దీన్ని ఎరిగినవాళ్ళు తగ్గిపోతారు, అదే నా బాధ. బియ్యం రాత్రంతా నానాలి. తడి ఆరకముందే పిండి పట్టించాలి, మరలో పట్టించినా ఫరవాలేదు. ఆ పిండిని గుడ్డ కప్పి ఉంచాలి, ఆరితే ఇంక అంతే. బెల్లం పాకం నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి. అరిసెకి పిండి చపాతీలా ఒత్తి, వేగాక నూనె పిండుతారు, దీన్ని ఉండగానే నూనెలో వదులుతారు. అందుకే లోపల మెత్తగా, చలిమిడి రుచి పోకుండా ఉంటుంది. యాలకులు, గసగసాలు సరే. కొబ్బరి ముక్కలు మాత్రం చిన్నగా తరిగి నేతిలో వేయించి కలపాలి. ఈ మధ్య ఎండు కొబ్బరి పొడి చల్లి పాకుండలని అమ్ముతున్నారు, నేను ఒప్పుకోను. పంటి కింద పచ్చికొబ్బరి ముక్క తగలాలి. అంబాజీపేట కాయ దొరికితే మరీ మంచిది. మంట సన్నగా ఉంచాలి, తొందరపడితే పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటుంది. చల్లారాక డబ్బాలో పోసి మూత పెడితే పది పదిహేను రోజులు కదలకుండా ఉంటాయి, ఉండనిస్తే.