పోఓఓ అంటే ఉండమని

"పో" అని ఒక్క అక్షరం కొట్టి పంపితే అవతలివాడు ఫోను పక్కన పడేసి నిజంగానే పోతాడు. "పోఓఓ" అని వస్తే మాత్రం దిండు సర్దుకుని కూర్చుంటాడు. మాట అదే, కసురూ అదే, ఓకారం కాస్త సాగిందంతే. "ఛీ"కీ "ఛీఈఈ"కీ మధ్య కూడా ఇదే తేడా. "చెప్పు" అని పొట్టిగా వస్తే ఒక్కోసారి నోటితో చెప్పేదో కాలికి తొడిగేదో కూడా అర్థం కాదు. "చెప్పూఊ" అంటే ఇక ఆ అనుమానం ఉండదు, గారాబమే.

ఈ సాగదీతకి మన భాష బాగా లొంగుతుంది. తెలుగు మాట చాలావరకు అచ్చుతోనే ముగుస్తుంది కాబట్టి తోక పట్టుకుని ఎంత దూరమైనా లాక్కుపోవచ్చు. కుర్రకారు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొడతారు కదా, "తిన్నావా"లో రెండు ఆకారాలున్నా సాగేది ఎప్పుడూ చివరిదే. నడిమి ఆకారాన్ని సాగదీసిన ప్రేమికుణ్ణి నేనింతవరకు చూడలేదు. తెలుగు లిపిలో కొట్టేవాళ్ళకి ఓ చిక్కుంది. మన గుణింతం దీర్ఘం దగ్గర ఆగిపోతుంది, దీర్ఘం మీద ఇంకో దీర్ఘం ఎక్కించే పద్ధతి లేదు. అందుకే కథల్లో పాత్ర కేకేస్తే రచయితలు "అమ్మాఆఆ" అని విడి అచ్చుల్ని వెనక తగిలిస్తూ వచ్చారు. ఇప్పుడు వాట్సాప్‌లో అందరూ చేస్తున్నదీ అదే.

దీర్ఘాన్ని దాటిన అచ్చుకి వ్యాకరణంలో ప్లుతమని పేరు. మూడు మాత్రల కాలం. దూరాన ఉన్నవాణ్ణి పిలిచేటప్పుడు చివరి అచ్చు ప్లుతమవుతుందని పాణిని ఓ సూత్రమే చేశాడు. రాతలో దాని పక్కన 3 అంకె వేస్తారు. గట్టు మీద నిలబడి అవతలి చేలో ఉన్నవాణ్ణి "ఒరేయ్ రాముడూఊఊ" అని పిలవడం మనకి తెలిసిందే. రాత్రి పదకొండింటికి కూకట్‌పల్లి హాస్టల్లోంచి గుంటూరు వెళ్ళే "రావాఆఆ" కూడా దూరపు పిలుపే మరి.

కీప్యాడ్ ఫోన్ల రోజుల్లో ఈ విలాసం సాగలేదు. ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు, తెలుగు లిపిలోనైతే 70. దాటితే రెండో మెసేజ్ డబ్బులు. పైగా 2 మీట నొక్కి పట్టుకుంటే అక్షరాలు బారులు తీరేవి కావు, 2 అంకె వచ్చి పడేది. అదే అక్షరం మళ్ళీ కావాలంటే క్షణం ఆగి మళ్ళీ నొక్కాలి. దాంతో ప్రేమ కబుర్లు కూడా అచ్చులు రాల్చుకుని టెలిగ్రాముల్లా వెళ్ళేవి. స్మార్ట్‌ఫోన్లో అక్షరానికి ఖరీదు లేదు గానీ శ్రమ ఉంది. అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న పరదేశపు అక్షరాలు తేలతాయి. సాగదీయాలంటే ఒక్కోదాన్నీ విడివిడిగా కొట్టాలి. ఆటోకరెక్ట్ దిద్దబోతే దాన్ని కాదనాలి. ఐదు ఆకారాలు ఊరికే రావు, కావాలని పెడితేనే వస్తాయి.

అయినా నిలదీస్తే "ఏదో అలా పడిపోయింది" అనేయొచ్చు! సరసానికి ఎప్పుడూ ఇలాంటి పెరటి గుమ్మం ఒకటుండాలి. "నువ్వంటే ఇష్టం" అని రాస్తే అది సాక్ష్యం, స్క్రీన్‌షాట్ వాళ్ళన్నయ్య దాకా వెళ్ళొచ్చు. "లైబ్రరీకి వస్తావాఆఆ" అన్నదాన్ని ఎవరికి చూపించి ఏం లాభం? పిల్ల లైబ్రరీకే పిలిచింది.

అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు పదివేల కోట్ల ట్వీట్లలో సాగే మాటల్ని కొలిచి 2020లో ప్రచురించారు. ఒక్క అక్షరమే సాగుతుందా, "హహహ"లా అన్నీ సమంగా సాగుతాయా అన్నది ఒక కొలత, ఎంత పొడుగు సాగుతుందన్నది ఇంకోటి. దొడ్డ పనే. కానీ ఆ పొడుగు ఎవరి కోసమో తెలియాలంటే పంపినవాళ్ళ అలవాటు తెలియాలి. అమ్మ కూడా "నాన్నాఆ, తిన్నావాఆఆ" అనే పెడుతుంది. గోదావరి జిల్లాల వాళ్ళకి సాగదీత మర్యాదలో భాగం, వాళ్ళ "అవునండీఈ" చూసి ముహూర్తాలు పెట్టుకోకూడదు. అందరికీ "సరే" అనే మనిషి ఒక్కరికి మాత్రం "సరేఏఏ" అంటే, అప్పుడు ఆలోచించాలి.

మా వీధి కుర్రాడొకడు ఫోను తెచ్చి చూపించాడు. "రేపు రికార్డు తెస్తావా" అని వీడు. "తెస్తా" అని ఆ అమ్మాయి. "మర్చిపోకు." "మర్చిపోనూఊఊ." వీడి జవాబు "సరేఏ". "తను రెండు ఊలు తగిలించింది కదండీ, నేను ఒక్క ఏతో ఆపాను, ఎక్కువైతే బావుండదని" అన్నాడు. లఘువు గురువు గుర్తించమంటే పదో తరగతిలో తెల్లకాగితం ఇచ్చి వచ్చినవాడు వీడు.

ఆ పెరటి గుమ్మం అందరికీ తెరిచే ఉంటుంది, అదీ గొడవ. తెలిసినవాళ్ళమ్మాయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. వాళ్ళ పై అధికారి రాత్రిపూట "పడుకున్నారాఆఆ" అని పెట్టాడు. "చెప్పండి సర్." అని ఆమె జవాబు. హల్లుతో ముగిసిన మాట, పక్కన ఓ చుక్క, పట్టుకుని లాగడానికి తోకే ఇవ్వలేదు. అయినా ఆయన "ఏం లేదూఊఊ, ఊరికేఏఏ" అన్నాడు. నాలుగు రోజులు చూసి ఆమె ఆ మెసేజ్‌లన్నీ హెచ్ఆర్ వాళ్ళ ముందు పెట్టింది. వాళ్ళు మొత్తం చదివి, ఇందులో తప్పు మాట ఏదమ్మా అని అడిగారట. ఆమె ఫోను మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూపించింది, ఇదిగో ఈ ఆకారం, ఈ ఊకారం, ఈ ఏకారం అని.